రెండు నిమిషాలు, రెండు స్పూన్లు

రాత్రి పన్నెండున్నర. బగ్ ఫిక్స్ చేసి ల్యాప్‌టాప్ మూశాక గానీ గుర్తు రాలేదు, అన్నం తినలేదని! వంటింట్లో చూస్తే మ్యాగీ ప్యాకెట్ ఉంది. ఇంకేం కావాలి?

మ్యాగీ అనేది స్విట్జర్లాండ్‌కు చెందిన జూలియస్ మ్యాగీ పేరు. నూడుల్స్‌గా మన దేశానికొచ్చింది 1983లో. అంటే నాకంటే చాలా సీనియర్. ఇంత త్వరగా ఎలా ఉడుకుతుందంటారా? ఫ్యాక్టరీలోనే ఆవిరిపై ఉడికించి, నూనెలో వేయించేస్తారు. అప్పుడు నీరు పోయి సన్నటి రంధ్రాలు పడతాయి. మనం పోసే వేడినీళ్లు వాటిలోంచి చకచకా లోపలికి దూరిపోతాయి.

2015 జూన్‌లో సీసం పరిమితికి మించి ఉందంటూ దీన్ని నిషేధించారు. ఆగస్టులో బాంబే హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. నవంబర్‌లో మళ్లీ షాపుల్లోకి వచ్చింది. అప్పుడు నేను ఇంజినీరింగ్ హాస్టల్లో ఉన్నా. ఓ సబ్జెక్టు పోయిందని ముసుగుతన్ని పడుకుంటే, రూమ్మేట్ వార్డెన్‌కి తెలియకుండా దాచిన కెటిల్‌లో మ్యాగీ వండాడు. ఒక్కటే ప్యాకెట్. నలుగురం, రెండు స్పూన్లు.

‘‘లేవరా! బ్యాక్‌లాగ్ ఎక్కడికీ పోదు, ఇది చల్లారిపోద్ది’’ అన్నాడు.

లేచా. ఆ సబ్జెక్టు తర్వాత పాసయ్యా కూడా.

మైదా, ఉప్పు ఎక్కువని తెలుసు. అందుకే రోజూ తినను. కానీ మసాలా ప్యాకెట్ చింపగానే ఆ గది గుర్తొస్తుంది. నిన్న గిన్నె ఫొటో తీసి వాడికి పంపా.

‘‘ఒక్కడివేనా?’’ అని రిప్లై.

‘‘రెండు స్పూన్లు పెట్టా, వచ్చేయ్’’ అన్నా.