బల్ల చుట్టూ పదిమంది



పోయిన చలికాలంలో శనివారం అన్నదానానికి వడ్డించిన వాళ్ళకు ఈ మాట కొత్తగా చెప్పనక్కర్లేదు. పంక్తి చివర నిలబడి, అందరూ తిన్నాక, "కొంచెం బాక్సులో పెట్టుకెళ్ళొచ్చా" అని అడిగే పిల్లలు ఎక్కువయ్యారు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలే ఎక్కువమంది. అడిగిన వాళ్ళకల్లా పెట్టాం. పెట్టడంలో మనకెప్పుడూ లోటు లేదు. అయితే ఒక శనివారం ఒక అబ్బాయి వంటశాలలోకి వచ్చి, "ఆంటీ, ప్రతివారం తినేసి వెళ్ళిపోవాలంటే సిగ్గుగా ఉంది, గిన్నెలు కడగనా?" అన్నాడు. ఆ మాట దగ్గరే కార్యవర్గంలో చర్చ మొదలైంది. కొందరు బాక్సులు పెంచుదామన్నారు. గుడి పని పూజ, మిగతావి చూడటానికి ప్రభుత్వం ఉంది కదా అని కొందరు. ఇంతకీ వాళ్ళకు కావలసిందేమిటో వాళ్ళనే అడిగామా అని ఇంకొకరు.

మూడో ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఇలాంటి ప్రశ్నే ఎదురైనప్పుడు ఈ దేశంలోనూ, మన ఊళ్ళలోనూ జనం ఏం చేశారో కొంత చదివాం. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

కెనడాలో మొదటి ఫుడ్ బ్యాంకు 1981లో ఎడ్మంటన్‌లో మొదలైంది. గడ్డుకాలం దాటేదాకా తాత్కాలికంగా ఉంటే చాలనుకున్నారు. నలభై ఏళ్ళు దాటాయి. 2024 మార్చి ఒక్క నెలలో దేశంలోని ఫుడ్ బ్యాంకులకు జనం 20 లక్షలకు పైగా సార్లు వచ్చారని ఫుడ్ బ్యాంక్స్ కెనడా లెక్క చెబుతోంది. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టవలసిందే, అందులో సందేహం లేదు. కానీ వచ్చేవారం అతను మళ్ళీ ఎందుకు రావలసి వస్తుందో గరిటె చెప్పదు.

ఈ ప్రశ్నను ఈ దేశంలో గట్టిగా పట్టుకున్న వాళ్ళు నోవా స్కోషియాలో ఉండేవారు. యాంటిగోనిష్ అనే చిన్న పట్టణంలో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి జిమ్మీ టామ్‌కిన్స్, మోజెస్ కోడీ ఇద్దరూ కాథలిక్ ఫాదర్లు, బంధువులు కూడా. మన గుడి పత్రికలో వాళ్ళ సంగతేమిటని ఎవరైనా అనవచ్చు. మంచి పని ఎవరు చేస్తే ఏం, నేర్చుకోవడానికి మనకు అడ్డేమిటి?

టామ్‌కిన్స్ 1921లోనే 'జనానికి చదువు' అన్న అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న పుస్తకం వేశాడు. చదువు విశ్వవిద్యాలయం గోడల మధ్య ఉండిపోకూడదని ఆయన వాదన. తర్వాత ఆయన్ని కాన్సో అనే చేపల రేవుకు బదిలీ చేశారు. అక్కడ పేదరికాన్ని దగ్గరగా చూశాడు. వల, ఉప్పు, పడవ సామాను వ్యాపారి దగ్గర అప్పు మీద తీసుకోవాలి, పట్టిన చేప ఆయన చెప్పిన ధరకే ఆయనకే అమ్మాలి. మన పల్లెల్లో విత్తనాలు, ఎరువులు అప్పిచ్చి పంట తనకే అమ్మాలనే షావుకారు గుర్తుకొస్తే అది మా తప్పు కాదు. 1927 జూలై 1న దేశమంతా కాన్ఫెడరేషన్ అరవయ్యేళ్ళ పండుగ చేసుకుంటుంటే, కాన్సో జాలర్లు మాకేముందని పండుగ చేసుకోవాలంటూ సభ పెట్టారు. ఆ గొడవతో ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. 1928లో విశ్వవిద్యాలయం ఎక్స్‌టెన్షన్ విభాగాన్ని తెరిచి కోడీని దానికి పెద్దగా పెట్టింది.

కోడీ పద్ధతి ఇది. ముందు ఊళ్ళో పెద్ద సభ. ఆయన మంచి వక్త, జనాన్ని బాగా కదిలించేవాడు. సభ అయ్యాక మాత్రం ఉపన్యాసాలు బంద్. ఐదుగురు, పదిమంది ఒక జట్టుగా, వారానికోసారి ఎవరో ఒకరి వంటింట్లో బల్ల చుట్టూ కూర్చోవాలి. దీన్ని స్టడీ క్లబ్ అనేవారు. విశ్వవిద్యాలయం చిన్న చిన్న పుస్తకాలు పంపేది. చదువు రానివాళ్ళకు పక్కవాడు పైకి చదివి వినిపించేవాడు. మనం అమ్మిన లాబ్‌స్టర్ పట్నంలో ఎంతకు అమ్ముడవుతోంది? మధ్యలో ఎవరు ఎంత తింటున్నారు? ఆ పని మనమే ఎందుకు చేయకూడదు? ఇవీ వాళ్ళ పాఠాలు. కాన్సో పక్కనున్న లిటిల్ డోవర్‌లో జాలర్లు అలా కూర్చుని మాట్లాడుకుని, అడవికి వెళ్ళి మాను కొట్టుకొచ్చి, తమ చేతులతో తామే లాబ్‌స్టర్ డబ్బాల ఫ్యాక్టరీ కట్టుకున్నారు. మరికొన్ని ఊళ్ళలో పొదుపు మొదలైంది. 1932లో నోవా స్కోషియా క్రెడిట్ యూనియన్ల చట్టం చేసింది. 1930ల చివరికి స్టడీ క్లబ్బులు వెయ్యి దాటాయి, సభ్యులు సుమారు పదివేల మంది.

ఇందులో మాకు నచ్చిన విషయం ఒకటుంది. ఫ్యాక్టరీ కట్టించింది ఫాదరు కాదు. ఆయన డబ్బు సంచీతో వచ్చి ఉంటే ఒక ఊళ్ళో ఒక ఫ్యాక్టరీ వచ్చేదేమో. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలోంచి లెక్క రాసేవాడు, మాట్లాడేవాడు, తగాదా తీర్చేవాడు తేలారు. అలా తేలినవాళ్ళే పక్క ఊరికి వెళ్ళి ఇంకో జట్టు పెట్టించారు.

ఇది చదువుతుంటే మాలో నెల్లూరు వైపు వాళ్ళు ఆగలేకపోయారు. అచ్చం ఇలాంటిదే మన దగ్గరా జరిగింది. 1991 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం కింద రాత్రి బడులు పెట్టారు. కూలికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు దీపం దగ్గర కూర్చుని అ ఆలతోపాటు తమ ఇళ్ళలో జరిగే సంగతులూ మాట్లాడుకున్నారు. మొగుడి కూలి డబ్బు సారా కొట్టుకు పోతోందన్నది అందరి ఇంటి సంగతే. 1992లో దూబగుంట ఆడవాళ్ళు ఏకమై ఊళ్ళోకి సారా రానివ్వలేదు. వర్ధినేని రోశమ్మ పేరు, దూబగుంట రోశమ్మగా, రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ నిషేధాన్ని రెండేళ్ళకు ఎత్తేశారు, అది వేరే కథ. మన కథకు కావలసింది ఏమిటంటే, సారాకు పోకుండా మిగిలిన డబ్బు ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలైంది. అక్కడా ముందు చదువు, తర్వాత పోరాటం, ఆ తర్వాతే డబ్బు.

1990ల మధ్యలో ఐక్యరాజ్య సమితి సాయంతో కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో పొదుపు సంఘాలను ఇంకో మెట్టు ఎక్కించారు. ఓర్వకల్లు మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘం అప్పటిదే. 2000లో వెలుగు పథకం మొదలై, తర్వాత ఇందిరా క్రాంతి పథంగా మారి, పల్లెపల్లెకూ చేరింది. పదీ పదిహేనుమంది ఒక సంఘం, ఊళ్ళోని సంఘాలన్నీ కలిసి గ్రామైక్య సంఘం, వాటి మీద మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య. మా అత్తగార్లలో, పిన్నమ్మల్లో సంఘం పుస్తకం చూపించని వాళ్ళు అరుదు. తప్పకుండా సమావేశం, తప్పకుండా పొదుపు, లోపల అప్పులివ్వడం, వేళకు తీర్చడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. వీటిని పంచసూత్రాలన్నారు. సంఘంలో ఎదిగిన ఆడవాళ్ళే సీఆర్పీలుగా వేరే ఊళ్ళకు, తర్వాత బీహార్ లాంటి రాష్ట్రాలకూ వెళ్ళి, అక్కడి ఆడవాళ్ళ మధ్య కూర్చుని సంఘాలు పెట్టించారు. పెద్ద చదువులున్న అధికారి చెబితే నమ్మనివాళ్ళు, తమలాంటి కూలి మనిషి "నేను ఇలా చేశాను" అంటే నమ్మారు.

మన చీటీ ఉంది కదా, ఇదీ అదే కదా అని ఒక సభ్యుడు అన్నారు. కాదు. చీటీలో పాట ఉంటుంది. అవసరం గట్టిగా ఉన్నవాడే ఎక్కువ వదులుకుని పాడతాడు, ఆ తోపు తొందర లేనివాళ్ళకు లాభంగా పంచుతారు. కాబట్టి అందరికన్నా కష్టంలో ఉన్నవాడే అందరికన్నా నష్టపోతాడు. సంఘంలో ఈ వారం డబ్బు ఎవరికి అన్నది కూర్చుని తేల్చుకుంటారు. ఒకామె కొడుకు ఆస్పత్రిలో ఉంటే, గేదె కొనుక్కుందామనుకున్నామె ఒక నెల ఆగుతుంది. అక్కడ తగాదాలు లేవని కాదు. తగాదా పడటానికి చోటు ఉండటమే ముఖ్యం.

ఈ కథ అంతా చల్లగా సాగలేదు. 2010 నాటికి మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఊళ్ళోకి వచ్చి, ఆడవాళ్ళను జట్లుగా కూర్చోబెట్టి అప్పులిచ్చాయి. చూడటానికి అదీ సంఘంలాగే ఉండేది. అయితే ఎవరికి ఎంత ఇవ్వాలో కంపెనీ మనిషే తేల్చాడు. ఒక్కో ఇంటికి మూడు నాలుగు చోట్ల అప్పు, వారం వారం వాయిదా. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళే ఆమె గుమ్మం ముందు కూర్చోవలసి వచ్చింది. ఆత్మహత్యలు జరిగాయి. ఆ ఏడాది అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. పదిమందిని వరసగా కూర్చోబెడితే సంఘం అవదని అప్పుడు తెలిసింది. సాయం చేద్దామని బయలుదేరే మాలాంటి వాళ్ళకు ఈ భాగమే ఎక్కువ అవసరం.

ఇప్పుడు మన వంటశాలకు వద్దాం. మార్చిలో ఎనిమిదిమందిమి కింది హాల్లో ఒక బల్ల దగ్గర కూర్చున్నాం. ఐదుగురు విద్యార్థులు, కొత్తగా వచ్చిన ఒక కుటుంబం నుంచి ఒకావిడ, మా ఇద్దరు. గిన్నెలు కడుగుతానన్న అబ్బాయి కూడా ఉన్నాడు. తిండి గురించే మాట్లాడతారని మేము అనుకున్నాం. మొదటి గంటలో తిండి మాటే రాలేదు. మాట్లాడింది అద్దె గురించి. ఒక బేస్‌మెంట్‌కు నాలుగు నెలల అద్దె ముందే కట్టించుకున్నారట, పైగా డ్యామేజ్ డిపాజిట్. చేతిలో ఉన్నదంతా అక్కడే పోయాక వారానికి 24 గంటల పనితో ఏం మిగులుతుంది? అందుకే బాక్సు.

రెండోసారి కూర్చున్నప్పుడు ఆంటారియో అద్దె నియమాలు అచ్చేయించి తెచ్చుకుని ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళం విన్నాం. ఇక్కడ యజమాని డిపాజిట్‌గా ఒక నెల అద్దెకు మించి అడగకూడదు. దాన్ని ఆఖరి నెల అద్దెకే వాడాలి, ఏటా దాని మీద వడ్డీ ఇవ్వాలి. డ్యామేజ్ డిపాజిట్ అడగడమే కుదరదు. ఎక్కువ కట్టించుకుంటే ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇరవయ్యేళ్ళుగా ఇక్కడున్న మా ఇద్దరికీ ఇది పూర్తిగా తెలియదు. ఒప్పుకోవడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది. ఆ కాగితం పట్టుకుని ఇద్దరు పిల్లలు యజమానితో మాట్లాడారు. ఒకరికి కొంత డబ్బు తిరిగొచ్చింది. ఇంకొకరికి ఇంకా రాలేదు, ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని భయపడుతున్నారు. ఆ భయం గురించే మూడోసారి కూర్చున్నాం.

డబ్బు పోగు చేయడం గురించి ఇంకా మొదలుపెట్టలేదు. పిల్లలే వద్దన్నారు, ముందు ఒకరినొకరు తెలుసుకోవాలన్నారు. కొత్తగా వచ్చేవాళ్ళ కోసం అద్దె కాగితం ఎలా చదవాలో తెలుగులో ఒక పేజీ రాస్తున్నారు. అన్నదానం ఎప్పటిలాగే సాగుతుంది. శనివారం కూరలు తరిగే పని, వడ్డన జాబితా రాసే పని ఇప్పుడు వాళ్ళలో ముగ్గురు చూస్తున్నారు. మేము అడగలేదు.

బల్ల దగ్గర కూర్చోవాలనుకునేవాళ్ళు ప్రతి నెలా రెండో ఆదివారం మధ్యాహ్నం హారతి అయ్యాక కింది హాల్లోకి రండి. విరాళం తేవద్దు. అద్దె, జీతం, ఇమిగ్రేషన్ కాగితాల గురించి మీకు స్వయంగా తెలిసిన సంగతి ఉంటే తెండి, తెలియని సంగతి ఉన్నా తెండి. పదిమంది దాటితే రెండో బల్ల వేస్తాం. దానికి లెక్క పుస్తకం రాసే మనిషి ఇంకా దొరకలేదు.