శరదృతువు – పసిపిల్లల బొమ్మల పుస్తకములు



గడచిన ఆశ్వయుజమాసమున ఆఱేండ్ల మా మనుమడు ఒక బొమ్మల పుస్తకమును తెచ్చి నా యొడిలో నుంచెను. అది శీతలదేశముల శరత్కాలమును పసిపిల్లలకు పరిచయము చేయు పుస్తకము. ప్రతిపుటయందును ఎఱ్ఱని యాకులు, పసుపుపచ్చని యాకులు, రాలిన యాకుల కుప్పలపై దుముకు బాలురు. వాడు మా వాకిటి బాదముచెట్టును చూపి, “తాతయ్యా, శరత్తు వచ్చిందిగా! మన చెట్టు ఆకులు రాల్చలేదేం? దానికేమైనా జబ్బు చేసిందా?” అని యడిగెను. పుస్తకమును నమ్మి చెట్టును సందేహించిన యా పసివానిని చూచి, ముప్పదియేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పిన నాకు కొంతసేపు నోట మాట రాలేదు.

ఆ పుస్తకము అబద్ధము చెప్పలేదు. వేఱొక దేశమును గూర్చి నిజము చెప్పినది. ఆ దేశములలో ఋతువులు నాలుగే. శరత్తున పగలు తగ్గి చలి ముదురును. అప్పుడు ఆకులోని హరితవర్ణము నశించును. దాని చాటున నున్న పసుపు బయటపడును. కొన్ని చెట్లయందు ఎఱుపు క్రొత్తగా పుట్టును. తరువాత చలికాలమున నేల గడ్డకట్టినచో వేళ్లకు నీరందదు. ఆకులున్నచో ఉన్న నీరును ఆవిరియై పోవును. కావున చెట్టు ముందుగానే ఆకులను విడుచును.

మన కృష్ణాడెల్టాలో నట్లు కాదు. ఆశ్వయుజ కార్తికములే మనకు శరత్తు. అప్పటికి వానలు కురిసి నేల తడిసియుండును. చెట్టు ఆకు రాల్చవలసిన యవసరము లేదు. మనకు ఆకు రాలుకాలము శిశిరము. “చెట్టుకు జబ్బు లేదు నాయనా, దాని వేళ ఇంకా రాలేదు” అని వానికి చెప్పితిని.

బొమ్మల పుస్తకములు వలదని నా మాట కాదు. 1658 వ సంవత్సరమున కొమీనియసు అను విద్వాంసుడు లాటిను, జర్మను భాషలలో బాలుర కొఱకు బొమ్మల పుస్తకమును ప్రకటించెను. బొమ్మను, పేరును ఒక్కచోట చేర్చి నేర్పవలెననియు, ఇంద్రియములకు అందనిది బుద్ధికి అందదనియు ఆయన మతము. మఱి మన బిడ్డల కంటికి అందు శరత్తు ఏది?

ఆకాశమున నీరుడిగిన తెల్లని మేఘములు, కృష్ణ యొడ్డున రెల్లుపూలు, కాలువనీటితో ఊడ్చిన సార్వా వరి పొట్టవిచ్చి వెన్నుదీయుట, ఇంద్రకీలాద్రిపై దసరా యుత్సవములు, అట్లతద్ది ఉయ్యాలలు, కార్తికదీపములు. ఇవి మన పుటలు. ఒక పుట తుపానునకును ఉండవలెను. 1977 నవంబరు 19 న ఉప్పెన దివిసీమను ముంచి వేలాది ప్రాణములను గొన్నది కార్తికమాసముననే. బిడ్డను భయపెట్టుటకు గాదు. గాలి మారినపుడు పెద్దల మాట విని గట్టి మేడకు చేరవలెనని తెలుపుటకు.

ఇట్టి పుటలు కొన్న పుస్తకములో లేకున్నచో మనమే చేయుదము. తెల్లకాగితములు, రంగుపెన్సిళ్లు చాలును. సాయంకాలము బిడ్డను పొలముగట్టున నడిపింపుడు. వరివెన్నును చూపుడు. లేతగింజను గోటితో నొక్కి పాలు చూపుడు. ఇంటికి వచ్చి బొమ్మ వేయించి, క్రింద పేరు వ్రాయింపుడు. పరదేశపు పుస్తకమును దాని ప్రక్కనే యుంచుడు. రెండును చూచిన బిడ్డకు లోకము పెద్దదనియు, తన యూరును అందొక భాగమనియు తెలియును. నేడు మన మనుమలలో పెక్కుమంది పొలము త్రొక్కకయే పెరుగుచున్నారు. ఈ పేళ్లు మనతోనే పోయినచో వారికి చెప్పువారెవరు?

మొన్న మాఘమాసమున మా బాదమాకులు ఎఱ్ఱబాఱినవి. మనుమడు ఒక యాకును పట్టుకొని పరుగున వచ్చి, “తాతయ్యా, దీని వేళ వచ్చింది!” అనెను. దానిని వాని పుస్తకమున శిశిరపు పుటలో అంటించితిమి.

సెలవు.