కోడి ఈకలు, వంశపు లెక్కలు

సికింద్రాబాదు మోండా మార్కెట్టులో గాని, కంటోన్మెంటు దాటిన పల్లెల వారపు సంతలలో గాని, నాటుకోడిని కొనవచ్చినవాడు తూకము కంటె ముందు ఈకలను చూచును. పందెపుకోళ్లను పెంచు సంప్రదాయము గల తెలుగునాట ఈ చూపు మఱింత నిశితమైనది. ఒళ్లంతయు నల్లనైనది కాకి, తెల్లనైనది సేతు, ఎఱ్ఱనిది డేగ, రెక్కలపై పసుపు మెఱయునది నెమలి, మెడను నలుపు తెలుపులు సమముగా కలిసినది పర్ల, ఎఱుపు బూడిదలు కలగలిసినది మైల. ఏ రంగు కోడి ఏ వేళ గెలుచునో చెప్పు కుక్కుటశాస్త్రమే మనకు కలదు. కోళ్లను పోరాడించుట 1960 నాటి జంతుహింసా నిరోధక చట్టము ప్రకారము నేరమే యైనను, ఆ రంగుల పేర్లు మాత్రము పెంపకందార్ల నోట నేటికిని నిలిచియున్నవి. ఐతే ఇన్ని రంగులను గుర్తుపట్టగల కన్ను సైతము, కాకికి డేగను జోడించినచో పిల్లలు ఏ రంగున పుట్టునని అడిగినప్పుడు తడబడుచుండును. ఏలయన, కోడి ఒంటిమీద కానవచ్చు రంగు వేఱు, దాని వంశమున దాగియున్న రంగు వేఱు. పిల్లలకు సంక్రమించునది రెండవది.

ఈ దాగిన రంగును లెక్కకట్టు విద్యలో కోడికి గౌరవస్థానమే కలదు. బఠాణీ మొక్కలను పరిశీలించి మెండెల్ 1866లో ప్రకటించిన నియమములు 1900లో తిరిగి వెలుగుచూడగా, అవి జంతువులకును వర్తించునని ఇంగ్లండున విలియం బేట్సన్ 1902లో చూపినది కోళ్ల జోడీలను బట్టియే. ప్రతి లక్షణమునకును, సాధారణముగా, పిల్ల తల్లినుండి ఒక జన్యువును, తండ్రినుండి ఒక జన్యువును గ్రహించును. రెండును భిన్నమైనప్పుడు పైకి తేలునది బహిర్గతము, మఱుగున నుండునది అంతర్గతము. ఇక కోడి ఈకలోని వర్ణద్రవ్యములు రెండే: నలుపునిచ్చు యూమెలనిన్, ఎఱుపు పసుపులనిచ్చు ఫియోమెలనిన్. మన పెద్దలు పేర్లు పెట్టిన రంగులన్నియు ఈ రెంటిలో ఏది ఎక్కడ పరచుకొనవలెను, ఏది పలుచబడవలెను, ఏది పూర్తిగా ఆగిపోవలెను అని శాసించు కొన్ని జన్యువుల సమ్మేళనములే.

ఒళ్లంతయు నలుపును వ్యాపింపజేయు జన్యువు అడవికోడి నాటి ఎఱుపు నలుపుల కూర్పుపై బహిర్గతము. కావున స్వచ్ఛమైన కాకి వంశపు పుంజును డేగ పెట్టకు జోడించినచో తొలితరము పిల్లలు దాదాపు అన్నియు నల్లగనే ఎదుగును. పుంజుల మెడమీదను రెక్కలమీదను ఎఱుపు కొంత తొంగిచూచుట మాత్రము కద్దు. ఆ పుంజే వెనుకటి తరమున డేగ రక్తము కలిసినదైనచో పిల్లలలో ఇంచుమించు సగము ఎఱ్ఱనగును. నలుపు దుప్పటి వంటిది; దాని క్రింద బంగారువన్నె యున్నదో, వెండివన్నె యున్నదో పైకి తెలియదు.

తెలుపు ఇంతకంటె మాయలాడి. ఫారములలో మనము చూచు తెల్ల లెగ్‌హార్న్ కోడి తెలుపు బహిర్గతము. దానిని ఏ నల్లకోడితో జోడించినను పిల్లలు, అక్కడక్కడ ఒకటిరెండు నల్లచుక్కలు తప్ప, తెల్లనగును. తెల్ల వ్యాన్‌డాట్ వంటి జాతుల తెలుపు అంతర్గతము. అది నల్లకోడితో కలిసినచో తొలితరమున కనుమరుగగును. ఈ రెండు తెలుపులను కలిపినచో పిల్లలు తెల్లనివే, గాని ఆ పిల్లలను తమలో తాము జోడించినచో సగటున 16లో 3 రంగుకోళ్లు పుట్టును. తెల్ల పుంజుకు తెల్ల పెట్టకు పుట్టిన తెల్లకోళ్ల యింట నల్లపిల్ల కానవచ్చినప్పుడు పొరుగింటి పుంజును శంకించుటకు ముందు ఈ లెక్క చూచుకొనుట మేలు.

రెండు జన్యువులలో ఏదియు పూర్తిగా నెగ్గని సందర్భము ఇంకొకటి కలదు. ఆండలూసియన్ అను నీలిబూడిద వన్నె కోడిని పాశ్చాత్య పెంపకందార్లు తరతరములుగా అదే రంగున నిలుపజూచిరి. నీలిపుంజుకు నీలిపెట్టను జోడించినప్పుడెల్ల పిల్లలలో పావువంతు నల్లనివి, పావువంతు మరకలు గల తెల్లనివి పుట్టుచుండగా, అవి కల్తీ యని వానిని తొలగించుచు వచ్చిరి. బేట్సన్ ఆ చిక్కును విప్పెను. నీలిరంగు అనగా, నలుపును పలుచబరచు జన్యువు ఒక్క ప్రతియే గల స్థితి. అది స్థిరపడుట స్వభావరీత్యా అసాధ్యము. తొలగించిన ఆ నల్లకోడిని, ఆ మరకల తెల్లకోడిని జోడించియుండినచో పిల్లలు నూటికి నూఱును నీలివే యయ్యెడివి.

రంగుల శాస్త్రమున ఫలవంతమైన ఘట్టము లింగముతో ముడివడిన వారసత్వము. మనుష్యులలో బిడ్డ మగయో ఆడయో తండ్రి బీజము నిర్ణయింపగా, కోళ్లలో ఆ పని తల్లిది. జన్యువులను మోయు క్రోమోసోములలో లింగమును నిర్ణయించునవి పుంజునకు రెండు జెడ్‌లు. పెట్టకు జెడ్ ఒకటి, డబ్ల్యు ఒకటి. కావున పెట్ట తన జెడ్‌ను కొడుకులకు మాత్రమే ఇచ్చును. కూతుళ్లు ఆ క్రోమోసోముపై నున్న లక్షణములకు కేవలము తండ్రి బిడ్డలు. ఈకలపై అడ్డచారలు తెచ్చు జన్యువు ఈ జెడ్‌పై నున్నది; చారల వారసత్వమున ఈ వైచిత్రిని 1908లో అమెరికాలో స్పిల్‌మన్ గుర్తించెను. ఎఱ్ఱని రోడ్ ఐలండ్ రెడ్ పుంజును చారల ప్లిమత్ రాక్ పెట్టకు జోడించి గ్రుడ్లు పొదిగించి చూడుడు: పిల్లలన్నియు నల్లని నూగుతోనే వెలువడును, గాని కొన్నింటి నడినెత్తిన తెల్లని మచ్చ యొకటి యుండును. మచ్చగలవి తల్లి చారలను పొందిన పుంజులు, మచ్చలేనివి పెట్టలు. పుంజును చారలదానిగను, పెట్టను ఎఱ్ఱదానిగను తారుమారు చేసినచో చారలు కొడుకులకు కూతుళ్లకు ఉభయులకును సంక్రమించి ఈ గుర్తు నిరర్థకమగును. గ్రుడ్ల ఫారమునకు పుంజుపిల్ల మేత దండుగ కావున, మొదటి ప్రపంచయుద్ధపు కరవుకాలమున పనెట్ అను కేంబ్రిడ్జి శాస్త్రవేత్త, పిల్ల పుట్టిన నాడే రంగునుబట్టి ఆడమగలను వేఱుచేయు ఈ యుపాయమును ప్రతిపాదించెను. నేటి గోధుమవన్నె గ్రుడ్ల సంకర జాతులలోను బంగారువన్నె పుంజు, వెండివన్నె పెట్టల జోడీయే వాడుక; కూతుళ్లు ఎఱ్ఱన, కొడుకులు పాలిపోయిన పసుపు.

మధ్యప్రదేశ్‌లోని ఝాబువానుండి మన ఊళ్లకు వచ్చిన కడక్‌నాథ్ కోడి విషయమునను ఇదే సూత్రము పనిచేయును. దాని నలుపు ఈకలది మాత్రమే కాదు, చర్మపుది కూడ. కడక్‌నాథ్ పుంజును పసుపు కాళ్ల పెట్టకు జోడించినచో కూతుళ్ల చర్మము ముదురు నలుపు తేలును. చర్మపు నలుపును అణచు జన్యువు తల్లి జెడ్‌పై నుండుటచేత కొడుకులలో అది మందగించును.

పెట్ట రంగును చూచి దాని కొడుకు రంగును ఊహించుటయందు మఱియొక ప్రమాదము కలదు. అడవికోడి వన్నె గల వంశమున పుంజు ఎఱుపు నలుపులతో ధగధగలాడగా, అవే జన్యువులు గల పెట్ట మట్టిగోధుమ రంగున అణకువగా నుండును. ఈ భేదము ఆడ హార్మోను చేయు పని; అండాశయము చెడిన పెట్ట కొన్నాళ్లకు పుంజు ఈకలు వేయుట పెంపకందార్లు ఎఱిగినదే. కావున గోధుమవన్నె పెట్టను వెలితిగా నెంచి త్రోసిపుచ్చరాదు. దాని విలువ దాని సోదరులయందు కానవచ్చును.

లెక్కలు ఎంత నిక్కములైనను అవి సగటులే కాని వాగ్దానములు కావు. నీలి జోడీకి ఎనిమిది పిల్లలు పుట్టినచో రెండు నల్లనివి కావలెనని లెక్క చెప్పును. ఐనను పది పొదుగులలో ఒకదానియందు నల్లపిల్ల ఒక్కటియు ఉండకపోవచ్చును. పుంజు అంతర్గతమైన తెలుపును దాచుకొనినదేమో తెలియవలెనన్న దానిని అదే అంతర్గత తెలుపు గల పెట్టకు జోడించి చూచుట ఉత్తమ పరీక్ష. ఒక్క తెల్లపిల్ల పుట్టినను గుట్టు బయటపడును. వరుసగా ఏడు పిల్లలు రంగువే యైనచో, పుంజు తెలుపును దాచియుండి కూడ అట్లు జరుగుటకు అవకాశము 128లో 1 మాత్రమే.

మన పొరుగున రాజేంద్రనగర్‌లో 1988లో నెలకొన్న కోళ్ల పరిశోధన సంస్థ ఈ జ్ఞానమును పెరటికోళ్ల మేలునకు వినియోగించినది. అక్కడ రూపొందిన వనరాజ కోడి ఏటికి 100 మొదలు 110 వఱకు గ్రుడ్లు పెట్టుచు, పలు వన్నెల ఈకలతో నాటుకోడినే తలపించును. ఇది కేవలము అలంకారము కాదు: ఫారంకోడి తెలుపు గ్రద్దకు దూరమునుండియే కనబడును, నాటుకోడి రంగునకు సంతలో ధర పలుకును. ఐతే వనరాజ భిన్న వంశముల సంకరము కావున, దాని గ్రుడ్లనే ఇంట పొదిగించినచో రంగులోను, గ్రుడ్ల సంఖ్యలోను పిల్లలు చెదరిపోవును. రైతు కొత్తపిల్లలను తిరిగి తెచ్చుకొనవలసినదే.

ఇంటిపెరటిలోనో మేడమీదనో నాలుగు కోళ్లను పెంచువాడు ఈ విద్యను ఆచరింపదలచినచో కావలసినవి కాలికి సంఖ్యగల ఉంగరము, ఒక నోటుపుస్తకము, కొంత ఓపిక. పెట్ట తన దేహమున పుంజు వీర్యమును రెండుమూడు వారములు నిలువచేసికొనగలదు కావున, పుంజును మార్చిన పిదప ఆ గడువు దాటువఱకు పెట్టిన గ్రుడ్లను లెక్కలోనికి తీసికొనరాదు. ఈ నియమమును పాటింపక వంశమును నిందించువారు పెక్కుమంది. పుట్టిన పిల్లలను, చచ్చిన పిల్లలను సైతము, రంగుతో సహా వ్రాయవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, ఎదురుచూడని రంగున పుట్టిన పిల్లను కోసివేయక పెంచవలెను. అది పుట్టెనన్న, సాధారణముగా, ఆ అంతర్గత లక్షణము తల్లిదండ్రులిద్దఱియందును ఉన్నదన్నమాట. ఎంత చూచినను వారి ఈకలు చెప్పజాలని సంగతిని అది ఒక్కటే చెప్పును. దానినే తిరిగి జోడించి, రాబోవు పొదుగున ఏ రంగులు ఎన్ని పుట్టునో పెంపకందారు ముందుగనే పుస్తకమున వ్రాసికొనగలడు.