క్రీడాసాధనలో జమాఖర్చులు

జిల్లాస్థాయి పరుగు పందెములకు ఇంకను పది రోజులు గడువున్నదనుకొందము. ఈ పది రోజులును విద్యార్థిని ఏమి చేయవలెను? సాధనను రెట్టింపు చేయవలెనని చాలమంది చెప్పుదురు. పరీక్షకు ముందు రాత్రింబగళ్లు చదివినట్లే, పందెమునకు ముందు ఉదయము సాయంత్రము పరుగెత్తినచో గెలుపు తప్పదని వారి నమ్మకము. కాని అనుభవముగల శిక్షకులు ఇందుకు విరుద్ధముగా సాధనను సగమునకు తగ్గింతురు. ఇది సోమరితనము కాదు. దీని వెనుక ఒక లెక్క కలదు. ఆ లెక్కను క్రీడాకాలము పొడవునను రోజురోజుకు వేసి చూపుటకే నేడు అనేక దేశములలో శిక్షకులు కంప్యూటరు సాఫ్ట్‌వేరును ఉపయోగించుచున్నారు. ట్రైనింగ్‌పీక్స్, గోల్డెన్ చీతా అనునవి అట్టివానిలో పేరు పొందినవి. రెండవది ఎవరైనను ఉచితముగా వాడుకొనదగినది.

శ్రమ చేయు రెండు పనులు

ఒక గంటసేపు గట్టిగా పరుగెత్తిన మనిషి ఆ వెంటనే మునుపటికంటె బలవంతుడు కాడు, బలహీనుడగును. కండరములలో నిలువయున్న గ్లైకోజెన్ తరిగిపోవును. కండరపు పోగులలో సూక్ష్మమైన గాయములు ఏర్పడును. పిదప తిండి, నిద్ర, విశ్రాంతి లభించినప్పుడు శరీరము ఈ లోటును పూడ్చుకొనును. అంతటితో ఊరకుండక, మరల అట్టి శ్రమ ఎదురైనచో తట్టుకొనుటకు కొంత అదనముగా సిద్ధపడును. వారములు గడచినకొలది గుండె ఒక్కొక్క స్పందనకు ఎక్కువ రక్తమును పంపగలుగును. కండరకణములలో మైటోకాండ్రియాలు వృద్ధియగును. అనగా బలము చేకూరునది శ్రమించునపుడు కాదు, శ్రమించిన తరువాత.

కావున ప్రతిదినపు సాధనయు శరీరముపై రెండు గుర్తులు వదలును. ఒకటి బడలిక, రెండవది సత్తువ. బడలిక త్వరగా పెరిగి త్వరగా తగ్గును. సత్తువ మెల్లగా పెరిగి మెల్లగా తగ్గును. 1975లో కెనడాలో పనిచేయుచున్న ఎరిక్ బానిస్టర్ అను శాస్త్రజ్ఞుడు, తన సహచరులతో కలసి, ఈతగాండ్ర సాధనకు ఈ భావమును గణితరూపమున అన్వయించెను. సత్తువనుండి బడలికను తీసివేయగా మిగులునదే ఆనాటి సంసిద్ధత అని ఆ సూత్రము సారాంశము. తరువాత ఆండ్రూ కోగన్ అను అమెరికా శరీరధర్మ శాస్త్రజ్ఞుడు దీనిని శిక్షకులు సులభముగా వాడుకొనునట్లు సరళము చేసెను. నేటి సాఫ్ట్‌వేరులలో పెక్కింటికి ఆధారము ఇదియే.

భారమును కొలుచుట ఎట్లు?

లెక్క వేయవలెనన్న ముందు సాధన భారమును అంకెలలోనికి మార్చవలెను. గుండె కొట్టుకొను వేగమును బట్టి కొలువవచ్చును. సైకిలు పందెగాండ్రయినచో పెడలుపై ప్రయోగించిన శక్తిని వాట్లలో కొలుచు సాధనములు కలవు. ఇవేవియు లేనిచోట ఉపయోగపడు పద్ధతిని కార్ల్ ఫోస్టర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రచారములోనికి తెచ్చెను. సాధన ముగిసిన అరగంట తరువాత, "ఈనాటి శ్రమకు సున్న మొదలు పదివరకు ఎన్ని మార్కులు వేయుదువు?" అని క్రీడాకారుని అడుగవలెను. అతడు చెప్పిన అంకెను సాధన చేసిన నిమిషములతో గుణింపవలెను. 60 నిమిషములు పరుగెత్తి 5 మార్కులు వేసినచో ఆనాటి భారము 300.

ఒక చిన్న లెక్క

పైన చెప్పిన సరళమైన పద్ధతిలో సత్తువకు 42 రోజులు, బడలికకు 7 రోజులు కాలప్రమాణముగా తీసుకొందురు. నేటి భారమునుండి నిన్నటి సత్తువను తీసివేసి, వచ్చినదానిని 42 చేత భాగించి, నిన్నటి సత్తువకు కలిపినచో నేటి సత్తువ వచ్చును. బడలికకు కూడ ఇదే పద్ధతి; భాజకము మాత్రము 7.

ఒక విద్యార్థిని చాలకాలము ప్రతిదినము 300 భారముతో సాధన చేసినదనుకొందము. అప్పుడు ఆమె సత్తువ 300, బడలికయు 300, సంసిద్ధత సున్న. ఇప్పుడు వారము రోజులు దినమునకు 100 నిమిషముల చొప్పున సాధన చేసి, 5 మార్కులే వేసినది. రోజు భారము 500. మొదటి రోజుననే బడలిక సుమారు 329కి పోవును. సత్తువ 305 మాత్రమే యగును. వారము ముగియుసరికి సత్తువ 331, బడలిక 432. సంసిద్ధత 101 మేరకు లోటు. ఆ మరునాడు పందెమున్నచో, ఆమె తాను సంపాదించిన బలమును చూపలేదు.

తరువాత పది రోజులు, వేగము తగ్గింపకయే, దినమునకు 30 నిమిషములు మాత్రమే సాధన చేసినచో భారము 150. పదవ రోజున సత్తువ 292, బడలిక 210. సత్తువ తగ్గినది 39. బడలిక తగ్గినది 222. సంసిద్ధత ఇప్పుడు 82 మిగులు. శిక్షకులు సాధనను తగ్గించుటలోని మర్మము ఇదియే. పలు పరిశోధనల ఫలితములను కలిపి చూచిన ఒక సమీక్ష 2007లో వెలువడినది. సుమారు రెండు వారములపాటు సాధన పరిమాణమును 41 నుండి 60 శాతము వరకు తగ్గించి, తీవ్రతను మాత్రము తగ్గింపకున్నచో ఎక్కువ మేలు కలుగునని అందు తేలినది.

ఏడాది పొడవునకు ప్రణాళిక

సంవత్సరమంతయు ఒకే తీరున సాధన చేయరాదను భావమునకు సోవియట్ శాస్త్రజ్ఞుడు లెవ్ మత్వేయెవ్ 1960వ దశకములో శాస్త్రీయమైన రూపమిచ్చెను. ఏడాదిని సన్నాహకాలము, పోటీకాలము, విరామకాలము అని ఆయన విభజించెను. శిక్షకుడు సాఫ్ట్‌వేరులో మొదట ముఖ్యమైన పోటీ తేదీని గుర్తించి, అక్కడినుండి వెనుకకు వారములను లెక్కించుకొని వచ్చును. మూడు వారములు భారమును పెంచి, నాలుగవ వారము తగ్గించుట ఒక వాడుక పద్ధతి. రాబోవు దినముల భారములను ముందుగానే వ్రాసినచో, పోటీనాటికి సత్తువ, బడలిక, సంసిద్ధత ఎట్లుండునో కంప్యూటరు మూడు రేఖలుగా గీసి చూపును. నచ్చనిచో మార్చి మరల చూడవచ్చును. ఇంతకుముందు శిక్షకుడు సంవత్సరమంతయు నడిపి గాని తెలిసికొనలేని దోషమును ఇప్పుడు కాగితముమీదనే కనిపెట్టుటకు అవకాశము కలిగినది.

అంకెకు తెలియనివి

అయితే 42, 7 అనునవి ప్రకృతి నియమములు కావు. వాడుకకు అనువుగా ఎన్నుకొనిన అంకెలు. ఒకని బడలిక నాలుగు రోజులలో తీరవచ్చును, మరియొకనికి పది రోజులు పట్టవచ్చును. పైగా 30 నిమిషములు 10 మార్కుల శ్రమ చేసినను, 100 నిమిషములు 3 మార్కుల శ్రమ చేసినను భారము 300 అనియే చూపును. మోకాలికి, గుండెకు ఆ రెండును ఒకటి కావు. రాత్రి జ్వరము వచ్చినదో, పరీక్షలకై నిద్ర మానుకొన్నదో, ఉదయము తినక వచ్చినదో కంప్యూటరుకు ఎవరైనను చెప్పిన గాని తెలియదు. ఎదిగే పిల్లల విషయములో ఈ జాగ్రత్త మరింత అవసరము.

అంకెలను నమ్మి మనిషిని చూడకున్న ప్రమాదము కంప్యూటరుతో పుట్టినది కాదు. ప్రాచీన గ్రీకు శిక్షకులు నాలుగు రోజుల చక్రమును పాటించెడివారు: మొదటి రోజు సన్నాహము, రెండవ రోజు తీవ్ర శ్రమ, మూడవ రోజు విశ్రాంతి, నాలుగవ రోజు మధ్యమ శ్రమ. ఫిలోస్ట్రాటస్ అను గ్రీకు రచయిత వ్యాయామమును గూర్చి వ్రాసిన గ్రంథములో గెరెనస్ అను మల్లుని కథ చెప్పెను. అతడు ఒలింపియాలో గెలిచి, విందులో పాల్గొని, నిద్రలేక, కడుపు బాగులేక వ్యాయామశాలకు వచ్చి ఆ సంగతి శిక్షకునితో చెప్పుకొన్నాడు. చక్రము తప్పినదని శిక్షకుడు కోపించి, ఆనాటి శ్రమను చేయించి తీరినాడు. మల్లుడు ఆ వ్యాయామములోనే మరణించెను. చక్రము మంచిదే, ఆనాటి మనిషి దానికి తగియుండలేదు.

పాఠశాలలో ఈ పద్ధతికి కంప్యూటరు లేకున్నను ఒక నోటుపుస్తకము చాలును. వ్యాయామోపాధ్యాయులు ప్రతి విద్యార్థికి ఒక పుట కేటాయించి నిమిషములు, మార్కులు, వాని లబ్ధము వ్రాయింపవచ్చును. గణితోపాధ్యాయులు ఆ అంకెలతోనే సత్తువ, బడలిక రేఖలను గళ్ల కాగితముపై గీయింపవచ్చును. ప్రక్కనే మరి రెండు గడులు గీయుట మరువరాదు: రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయినది, ఒంటిలో ఎట్లున్నది. ఆ రెండు గడులలో వ్రాసినది బాగుగా లేనినాడు, మిగిలిన అంకెలు ఏమి చెప్పినను సాధన తగ్గింపవలెను.