రోగము లేనివారికి మాత్ర యేల?

గోదావరి డెల్టాలోని ఒక గ్రామమునకు, బోదకాలు మాత్రలు పంచిపెట్టు దినముననే, మేము పోవుట తటస్థించినది. ఆశ కార్యకర్త యొకతె చేతిసంచిలో మాత్రలును, పేర్లు వ్రాసిన పుస్తకమును, మాత్ర మ్రింగినవారి వ్రేలిపై గుర్తు పెట్టుటకు సిరాకలమును పెట్టుకొని ఇంటింటికి తిరుగుచున్నది. ఒక పెంకుటింటి అరుగుపై కూర్చున్న పెద్దరైతు ఆమెను చూచి, "నాకే ఖాయిలా లేదమ్మా. ఆ వీధి చివర మామ్మగారికి కాలు వాచి ఉంది చూడు, ఆవిడకియ్యి" అన్నారు. "అలా అనకండి మావయ్యగారూ, మీరు పుచ్చుకోకపోతే మా పైవాళ్ళు నన్నడుగుతారు" అని ఆమె బ్రతిమాలినది. ఆయన దయదలచి మాత్రలు అందుకొని, "భోంచేశాక వేసుకుంటాలే" అని రొంటిని దోపుకొన్నారు. మేము మరల ఆ దారిని వచ్చునప్పటికి ఆ మాత్రలు అరుగు ప్రక్కన మురుగుకాలువలో కనిపించినవి.

ఆ రైతును తప్పుపట్టుటకు మాకు మనసొప్పలేదు. కాలు బాగుగనున్న వానికి కాలిజబ్బు మందేల యని ఆయన అడిగినది తెలివిగల ప్రశ్న. ఆ ప్రశ్నకు ఆ ఉదయమున ఎవరును సమాధానము చెప్పలేదు. పైవారు అడుగుదురనుట సమాధానము కాదు గదా! ఏటేట కోట్లకొలది మాత్రలు ఊళ్ళకు చేరుచుండియు ఈ వ్యాధి మన దేశమును ఇంకను విడువకుండుటకు గల కారణములలో ఇది ముఖ్యమైనదని మా అభిప్రాయము. కావున ఆ సమాధానమును ఇచట కొంత వివరముగ చెప్పదలచితిమి.

బోదకాలు పుట్టించునది ఒక పురుగు. దారపుపోగువలె సన్నగా, తెల్లగా నుండును. ఆడపురుగు ఎనిమిది, పది సెంటీమీటర్ల పొడవుండును. మగపురుగు అందులో సగముండును. మన శరీరములో రక్తనాళములు గాక శోషరస నాళములని మరియొక నాళసముదాయము కలదు. కండలలో మిగిలిన నీటిని తోడి మరల రక్తములో కలుపుట వీని పని. పొలములో మిగులునీటిని డ్రెయిను ఎట్లు లాగివేయునో ఇదియు అట్లే. పురుగులు ఈ నాళములలో, ముఖ్యముగ గజ్జల దగ్గర, గూడు కట్టుకొని ఆరు మొదలు ఎనిమిది సంవత్సరముల వరకు జీవించును. ఆ కాలమంతయు ఆడపురుగు లక్షలకొలది సూక్ష్మక్రిములను కని రక్తములోనికి వదలుచుండును. ఈ సూక్ష్మక్రిములనే మైక్రోఫైలేరియా యందురు.

ఇన్ని క్రిములు రక్తములో తిరుగుచున్నను మనిషికి ఏమియు తెలియదు. జ్వరముండదు, నొప్పి యుండదు, ఆకలి తగ్గదు. అతడు దుక్కి దున్నును, బస్తాలు మోయును, పెండ్లి భోజనములకు పోవును. సూక్ష్మక్రిములు పగలు లోపలి అవయవములలో దాగియుండి, రాత్రి పది గంటలు మొదలు రెండు గంటల వరకు చర్మము దగ్గరి రక్తములోనికి మెండుగ వచ్చును. ఈ వ్యాధిని మోయు క్యూలెక్స్ దోమ మనలను కుట్టు వేళయు సరిగా అదియే. వెనుకటి రోజులలో ఫైలేరియా శాఖవారు నడిరేయి లాంతరు పట్టుకొని వచ్చి తలుపు తట్టి వ్రేలినుండి రక్తపుచుక్క తీసికొని పోవుటను పెద్దలు కొందరు ఇప్పటికిని చెప్పుకొని నవ్వుకొందురు. ఆ వేళగాని వేళకు కారణమిదియే.

రక్తముతోపాటు దోమ కడుపులో పడిన క్రిమి అచట పది పదునాలుగు దినములు పెరిగి, సోకుటకు తగిన స్థితికి వచ్చును. ఆ దోమ మరియొకరిని కుట్టునప్పుడు ఆ పిల్లపురుగు చర్మముపై పడి, దోమ చేసిన రంధ్రమునుండియే లోనికి ప్రాకును. అది పెరిగి పెద్దదై సంతానమును కనుటకు ఇంచుమించు ఒక సంవత్సరము పట్టును. ఇది సాధారణముగ చిన్నతనముననే జరుగును. నాళములు క్రమక్రమముగ చెడి, నీరు తోడు శక్తి పోయి, కాలు వాచుటయో, మగవారికి వరిబీజము దిగుటయో పెద్దవారైన పిదప జరుగును. ఐదేండ్ల ప్రాయమున దోమ కుట్టిన ఫలము ముప్పదియేండ్ల ప్రాయమున బయటపడుచున్నదన్నమాట.

ఇపుడు అరుగుమీది రైతు ప్రశ్నకు వత్తము. వీధి చివర మామ్మగారి కాలు ఎంత వాచియున్నను, ఆమె రక్తములో అనేకసారులు సూక్ష్మక్రిములే యుండవు. పురుగులు చచ్చినవి; చెడిపోయిన నాళములు మాత్రము మిగిలినవి. ఊరిలోని దోమలకు క్రిములను అందించుచున్నవారు ఎక్కువగా కాలు బాగుగనున్నవారే. వారెవరో ముఖము చూచి చెప్పుట ఏ వైద్యునకును సాధ్యము కాదు. ఒక వీధిలో ముగ్గురుండవచ్చును, వేరొక వీధిలో పదిమంది యుండవచ్చును. ఆ రైతే యుండవచ్చును! అందుచేత అందరును మ్రింగవలసి వచ్చుచున్నది.

ఈ మందునకును తెలుగువారికిని ఒక సంబంధము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాగారమునకు నాయకత్వము వహించుచుండగా, రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ ద్వీపములలోని అమెరికా సైనికులకు ఈ వ్యాధి సోకినది. మందుకొరకు అన్వేషణ సాగినది. సుబ్బారావుగారి ఆధ్వర్యమున పనిచేసిన బృందము 1947లో హెట్రజాన్ అను మందును లోకమునకు అందించినది. మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూసిరి. హెట్రజానునకే డైఇథైల్ కార్బమజీన్ అని, క్లుప్తముగ డి.ఇ.సి. అని పేరు. నేడు ఆశ కార్యకర్త సంచిలో నున్నది ఇదియే. బోదకాళ్ళకు పేరుపడిన గోదావరి సీమలో పుట్టిన వాని చేతిమీదుగా ఈ మందు వచ్చుట మాకెప్పుడును ఆశ్చర్యము గొల్పు విషయము.

డి.ఇ.సి. రక్తములోని సూక్ష్మక్రిములను చంపును. పెద్దపురుగులలో కొన్నింటిని మాత్రమే చంపగలదు. కనుక ఒక్క సంవత్సరము మ్రింగి ఊరకుండిన లాభము లేదు. మిగిలిన పెద్దపురుగు కొన్ని మాసములకు మరల పిల్లలను కనును. ఏటేట మ్రింగుచు, పెద్దపురుగు ముసలిదై చచ్చువరకు దాని సంతానము దోమకు అందకుండ చూచుటయే ఇందలి ఉపాయము. మన ప్రాంతములలో ఈ వ్యాధిని కలిగించు పురుగునకు మనిషి తప్ప వేరు ఆశ్రయము లేదు. పశువులలో గాని పక్షులలో గాని ఇది బ్రతుకదు. దోమ కడుపులో దీని సంఖ్య పెరుగదు. ఒక క్రిమి ఒక్కటిగనే యుండును. మలేరియా దోమ ఒక్కసారి కుట్టిన చాలును గాని, ఈ వ్యాధి నిలద్రొక్కుకొనుటకు క్రిములు గల దోమలు మాటిమాటికి కుట్టవలెను. ఇంత దుర్బలమైన గొలుసును తెంపుట సాధ్యమేయని 1997లో ప్రపంచ ఆరోగ్యసభ తీర్మానించినది. చైనావారు ఉప్పులో డి.ఇ.సి. కలిపి ప్రజలకు పెట్టి 2007 నాటికి ఈ వ్యాధిని వదిలించుకొనిరి. శ్రీలంక 2016లోను, బంగ్లాదేశ్ 2023లోను ఆ గౌరవమును పొందినవి. మన ఉష్ణము, మన దోమలు, మన మురుగు వారికిని కలవు.

మన దేశమున జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము 1955లో మొదలైనది. అందరికిని ఏటేట మాత్రలు పంచు పద్ధతి 2004లో దేశవ్యాప్తముగ వచ్చినది. 2015 నాటికి నిర్మూలింపవలెనని 2002 నాటి జాతీయ ఆరోగ్య విధానము పెట్టుకొన్న గడువు దాటిపోయినది. ఇపుడు 2027ను గడువుగ పెట్టుకొన్నారు. కొన్ని జిల్లాలలో 2018 నుండి డి.ఇ.సి., ఆల్బెండజోల్‌లకు ఐవర్‌మెక్టిన్ అను మూడవ మందును చేర్చి ఇచ్చుచున్నారు. మూడును కలిసిన సూక్ష్మక్రిములు మరింత త్వరగా, మరింత కాలము అణగియుండును.

గడువులు దాటుటకు హేతువేమి? ఫలితము కనిపించవలెనన్న ఊరి జనాభాలో నూటికి కనీసము 65 మంది ప్రతి సంవత్సరము మాత్ర మ్రింగవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. వేయిమంది గల ఊరిలో 650 మంది యన్నమాట. పుస్తకములో 800 మంది పేర్ల యెదుట గుర్తులుండవచ్చును. రొంటిని దోపుకొన్నవి, చూరులో చెక్కినవి, కాలువలో పారవేసినవి లెక్కించిన ఆ సంఖ్య ఎంత మిగులునో! అంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. ఈ యేడు మ్రింగనివారు వచ్చే యేడు మ్రింగిన కొంత నష్టము తీరును. ప్రతి యేడును మ్రింగనివారు ఆ మనుషులే అయినప్పుడు వారి రక్తము క్రిములకు శాశ్వతమైన నెలవగును. తక్కినవారు ఐదేండ్లు మ్రింగిన మాత్రలు వ్యర్థమగును. అందుచేతనే కార్యకర్త తన కన్నులయెదుట మ్రింగుడని యడుగును. ఇది మనలను అవమానించుట యని కొందరు పెద్దలు భావించుచున్నారు. అట్లు తలపవలదని మా మనవి. కార్యకర్తలకును ఒక మనవి. "పైవాళ్ళు అడుగుతారు" అనుటకు బదులు, "మీ రక్తంలో ఉందో లేదో మీకూ తెలీదు, నాకూ తెలీదు మావయ్యగారూ" అని చెప్పినచో చాలమంది రైతులు చేయి చాచెదరని మేము నమ్ముచున్నాము.

మాత్రల లెక్క ఇట్లుండును. డి.ఇ.సి. నూరు మిల్లిగ్రాముల మాత్రలు రెండు మొదలు ఐదేండ్లవారికి ఒకటి, ఆరు మొదలు పదునాలుగేండ్లవారికి రెండు, అంతకు పైవారికి మూడు. దీనితో ఆల్బెండజోల్ ఒకటి. దీనిని నమలి మ్రింగవలెను. ఐవర్‌మెక్టిన్ ఇచ్చుచోట మనిషి ఎత్తును కొలిచి లెక్క నిర్ణయింతురు. రెండేండ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో మంచమెక్కినవారికి ఇవ్వరు. పరగడుపున మ్రింగరాదు. కార్యకర్త వచ్చునప్పటికి భోజనము కానిచో, నాలుగు ముద్దలు తిని వచ్చువరకు ఆమెను కూర్చుండుమనుడు. ఆమెకును మంచినీళ్ళిచ్చిన పుణ్యమే.

మాత్ర మ్రింగిన పిదప కొందరికి జ్వరము, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, వికారము కలుగును. ఒక యింట ఇట్లు జరిగిన చాలును, వీధివీధియంతయు మాత్రలు మానివేయుట మేమెరుగుదుము. రక్తములోని క్రిములు ఒక్కపెట్టున చచ్చుటచే ఈ బాధ కలుగును. క్రిములు ఎక్కువగ నున్నవారికే ఎక్కువ. మాత్ర పడనిదని భయపడిన ఆ మనిషికే అది అందరికంటె అవసరమైనదని తెలియవలెను. ఒకటి రెండు దినములలో తగ్గిపోవును. పారాసెటమాల్ మాత్ర చాలును. తగ్గకున్నను, బాధ హెచ్చుగ నున్నను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను.

దోమల సంగతి రెండు మాటలలో చెప్పుదుము. క్యూలెక్స్ దోమ మురికినీటిలో పెరుగును. నిలిచిన మురుగుకాలువ, మూతలేని సెప్టిక్ ట్యాంకు దాని పుట్టిండ్లు. ట్యాంకు గాలిగొట్టమునకు సన్ననివల కట్టుటకు అయ్యే ఖర్చు స్వల్పము. కేరళలో చేర్తల ప్రాంతమున వేరొక జాతి దోమ అంతరతామర వేళ్ళు పట్టుకొని పెరుగుచు వేరొక పురుగును మోసెడిది. అచట చెరువులలో ఆ మొక్కను తీసివేయుటయే చికిత్సలో సగమైనది. ఏ ఊరి దోమ ఎచట పుట్టుచున్నదో ఆ ఊరివారు ముందు చూచుకొనవలెను.

కాలు వాచినవారి మాట మిగిలినది. మాత్రలవలన వాచిన కాలు సన్నబడదు. ఈ సత్యమును దాచి మాత్రలు పంచినందువలన జనులకు నమ్మకము పోవును. అట్లని వారికి దారి లేదనుకొనరాదు. బోదకాలు గలవారిని మంచమున పడవేయునది మాటిమాటికి వచ్చు చలిజ్వరము, గజ్జలలో బిళ్ళ కట్టుట. వ్రేళ్ళ సందులలోని పగుళ్ళనుండి వేరు సూక్ష్మజీవులు లోన ప్రవేశించుటచే ఈ జ్వరము వచ్చుచున్నది. వచ్చినకొలది కాలు మరింత లావగును. ప్రతిదినము సబ్బుతోను మంచినీటితోను కాలు కడిగి, వ్రేళ్ళ సందులను మెత్తని గుడ్డతో తడిలేకుండ అద్ది, పగుళ్ళున్నచోట వైద్యుడిచ్చిన లేపనము పూసి, చెప్పులు తొడుగుకొని, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగ పెట్టుకొన్నచో జ్వరములు తగ్గును. వరిబీజమునకు శస్త్రచికిత్స కలదు, ప్రభుత్వాసుపత్రులలో చేయుదురు. సిగ్గుచేత దాచుకొని పంచె బిగించి బ్రతుకుచున్నవారు ఊరికి ఒకరిద్దరైనను ఉందురు.

ఆ దినమున వీధి చివర మామ్మగారిని చూచుటకు పోయితిమి. ఆరోగ్య కేంద్రములో ఇచ్చిన బేసిను, చెంబు అరుగుమీద బోర్లించియున్నవి. వెనుక రెండు నెలలకొకసారి జ్వరము వచ్చెడిదనియు, కాలు కడుగుట నేర్చిన పిదప ఈ యేడాదిలో ఒక్కసారియే వచ్చినదనియు ఆమె చెప్పినది. మాత్రలు మ్రింగితిరా యని యడిగితిమి. "మింగాను నాయనా. కాలు తగ్గదని డాక్టరుగారు ముందే చెప్పారు. మనవలిద్దరూ నా పక్కలోనే పడుకుంటారు కదా" అన్నది.

ఆ మనవలలో పెద్దవానికి ఆరేండ్లు. ఐదారేండ్లు మాత్రలు పంచిన పిదప, గొలుసు తెగినదో లేదో తెలియుటకు ఆరు, ఏడేండ్ల పిల్లలకే బడులలో రక్తపరీక్ష చేయుదురు. పంపిణీ మొదలైన పిదప పుట్టిన పిల్లల రక్తములో పురుగు జాడ కనిపించినచో, ఊరిలో అది ఇంకను ఒకరినుండి ఒకరికి పోవుచున్నట్లే. పరీక్షలో నెగ్గిన జిల్లాలలో మాత్రలు ఆపివేయుదురు. నెగ్గనిచోట మరల పంచవలసినదే. ఇటీవలి సంవత్సరములలో ఈ పంపిణీ ఫిబ్రవరి, ఆగష్టు నెలలలో జరుగుచున్నది. ఆ దినమున పొలమునకో పొరుగూరికో పోయి కార్యకర్తకు కనబడనివారు, తరువాత ఆమె ఇంటికి గాని ఆరోగ్య కేంద్రమునకు గాని పోయి తమ మాత్రలు అడిగి, అచటనే మ్రింగి రావచ్చును.