మేక వెనక మేక

అరుగు మీది పులి-మేక ఫోన్‌లోకి వచ్చింది. అరుగు మాత్రం వెనకే ఉండిపోయింది.

సంక్రాంతి సంచిక అనగానే గోదావరి జిల్లాల నుంచి కోడిపందేల బరులు, గుండాట బల్లలు, రమ్మీ యాప్‌లలో కరిగిపోయిన జీతాల కథలే అచ్చవుతుంటాయి. ఈసారి ముఖచిత్ర కథనానికి ఇచ్చిన విషయం 'ఫోన్లలో మన ఆటలు'. వెతుకుతూ పోతే అన్నిటికన్నా వింతగా కనిపించింది ఓ పాత ఆట. మండువా లోగిళ్ల వీధి అరుగుల మీద సుద్దతో పటం గీసి, చింతపిక్కలతో ఆడిన పులి-మేక. ఇవాళ దాన్ని ఫోన్‌లో కంప్యూటర్‌తోనో, ఎదుటి మనిషి ఒక్కరితోనో ఆడుకోవచ్చు. అయినా ఆటలో సగం ఇంకా ఫోన్‌లోకి రాలేదన్నదే ఈ కథనం వాదన.

పటంలో గీతలు కలిసే చోట్లు 23. పులులు 3, మేకలు 15. ఊరూరికీ చిన్న తేడాలున్నా నడక ఒకటే. మేకలవైపు వాళ్లు ఒక్కో పిక్కా పెట్టుకుంటూ రావాలి, అన్నీ దిగేదాకా ఒక్కదాన్నీ కదపడానికి లేదు. పులి ఈలోపే తిరుగుతుంటుంది. పక్కనున్న మేకకు అవతల, అదే గీత మీద చోటు ఖాళీగా ఉంటే దూకి చంపేస్తుంది. మేక ఎవరినీ చంపలేదు. దారులన్నీ మూసి పులుల్ని కట్టేయడమే దాని గెలుపు. ఒక్క మేకా పోకుండా అన్నీ దిగితే పటం మీద మిగిలే ఖాళీలు ఐదే. పులికి కావలసింది ఆ ఖాళీయే కనుక ప్రతి మేక ప్రాణమూ దాని వెనక నిలబడ్డ మేక మీద ఆధారపడి ఉంటుంది. అందుకే అరుగు మీద మేకలు ఏ ఒక్కరివీ కావు. పిక్క ఒకరి చేతిలో ఉన్నా, చుట్టూ మూగినవాళ్లంతా "ఒరేయ్, దాని ఎనకాల పెట్టు" అంటూ తలో మాటా వేస్తారు. పులి ఆడేవాడు ఒంటరి, మేకలది ఊరు. ఫోన్‌లో పోయింది ఈ ఊరే.

బలాలు సమానంగా లేని ఆటలో న్యాయమేముందని అడగవచ్చు. నేపాలీ బాఘ్ చాల్‌లో 4 పులులు, 20 మేకలు. పటం మన పటం కాదు, కానీ సూత్రం ఇదే. లిమ్ యూ జిన్, యూర్గ్ నీవర్గెల్ట్ అనే పరిశోధకులు దాన్ని కంప్యూటర్‌తో చివరిదాకా లెక్కకట్టారు. ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే ఆట సమం. ఇరువైపులా ఒకే బలగం లేకున్నా తూకం కుదురుతుందని ఆ లెక్క చెబుతోంది.

చరిత్ర క్లుప్తంగా: తమిళుల ఆడు పులి ఆట్టం, కన్నడిగుల ఆడు హులి ఆట, యూరప్ నక్క-బాతుల ఆట, అన్నీ ఒకే తీరువి. దక్షిణాదిన పాత గుళ్ల రాతినేలల మీద ఇలాంటి ఆటపటాలు చెక్కి ఉన్నాయి.

ఇదంతా పాతకాలం మీద మమకారమేనని కొట్టిపారేయలేం. 2016లో వచ్చిన 'డెడ్ బై డేలైట్' వీడియో గేమ్‌లో వేటాడేది ఒకరు, తప్పించుకునేది నలుగురు. లోకమంతా ఆడుతోంది. 2015 నాటి 'ఇవాల్వ్'లో నలుగురు వేటగాళ్లు, ఒక రాక్షసమృగం. దాని సర్వర్లు 2018లో మూతపడ్డాయి. అసమానత ఒక్కటే ఆటను బతికించదని దీన్నిబట్టే తెలుస్తోంది. బలహీనుల మధ్య మాట నడవాలి, ఒకరి తప్పుకు మరొకరు బలి కావాలి. ఫోన్‌లో పులి-మేకకు పదిమంది కలిస్తే ఆట సాగదంటారా? మేకల్ని ఐదుగురికి తలా మూడు పంచితే చాలు. అమలాపురంలో ఉన్నవారు పులులు పట్టుకుంటే, భీమవరం, హైదరాబాద్, డాలస్‌లలో ఉన్న అన్నదమ్ములూ వదినా మరదళ్లూ మేకలు కాస్తారు. ఎవరి మేక వెనక ఎవరు నిలబడాలో వాళ్లే వాదులాడుకుంటారు. తెలుగు గేమ్ తయారీదారులు ముందుగా కట్టాల్సింది ఆ అరుగునే.

పటం ఇలా
శిఖరం నుంచి కిందికి నాలుగు గీతలు, వాటి అడుగులు కలుపుతూ ఒక గీత. మధ్యలో మూడు అడ్డగీతలు రెండు పక్కలకీ బయటికి సాగాలి. వాటి చివరలు నిలువుగా కలపాలి. గీతలు కలిసే చోట్లు, పైనుంచి కిందికి: 1+6+6+6+4 = 23.

పేరులో జూదం
పులి-మేకను పులిజూదం అనీ అంటారు. కానీ ఇందులో పాచికా లేదు, అదృష్టమూ లేదు. 2025 ఆగస్టు నాటి కేంద్ర చట్టం నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. పందెం లేని పులి-మేకకు ఆ అడ్డు లేదు.