చలికి వణికేది ప్యానెల్ కాదు, బ్యాటరీ!

మాది రాజమండ్రి. సోలార్ అనగానే మా వాళ్లకి గుర్తొచ్చేది రోహిణీ కార్తె ఎండలే. 'ఆ ఎండకి కరెంటు దంచేస్తుంది' అంటారు. నిజానికి ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. దాని మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. అంతకుమించి వేడెక్కితే డిగ్రీకి సుమారు 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. మే నెలలో డాబా మీద ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 16 శాతం గోవిందా!

అలాగని చలి ప్రాంతాల్లో సోలార్‌కి తిరుగులేదనుకోకండి. మారేడుమిల్లి దాటి ఘాట్ ఎక్కితే డిసెంబరులో పొద్దెక్కేదాకా పొగమంచే. పగలు పదకొండు గంటలే. అలాంటి చోట విసిరేసినట్టున్న గూడెంలో ఫోన్ చచ్చిపోతే అర్ధరాత్రి నొప్పులొచ్చిన మనిషి కోసం 108కి కాల్ చేసే దారే ఉండదు.

అందుకే ముందు లెక్క చూసుకోవాలి. 9 వాట్ల బల్బులు మూడు, రోజుకి 5 గంటలు: 135 యూనిట్లు కాదండోయ్, 135 వాట్-అవర్లు! మూడు ఫోన్లకి ఇంకో 45. మొత్తం 180. ఎండ లేని మూడు రోజులకి 540. 12 వోల్టుల 100 ఏహెచ్ లెడ్ బ్యాటరీలో 1200 ఉన్నా, సగమే వాడితే అది ఎక్కువ కాలం బతుకుతుంది. అంటే 600. సరిపోతుంది. రోజుకి మూడు గంటల గట్టి ఎండ, 30 శాతం నష్టం అనుకుంటే 150 వాట్ల ప్యానెల్ 315 ఇస్తుంది. రోజు వాడకం పోగా మిగిలే 135తో ఖాళీ అయిన బ్యాటరీ నాలుగు రోజుల్లో కోలుకుంటుంది. చలికాలంలో ప్యానెల్‌ని దక్షిణం వైపు 30 డిగ్రీలు వాల్చితే ఇంకా మేలు.

లద్దాఖ్ లాంటి చోట కథ వేరు. గడ్డకట్టే చలిలో లెడ్ బ్యాటరీ సత్తువ తగ్గుతుంది. ఖాళీగా ఉంటే లోపలి ద్రవమే గడ్డకట్టి పగలొచ్చు. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే పాడవుతుంది. అందుకే దాన్ని వెచ్చగా ఉంచే ఏర్పాటు కావాలి. ఇక అంటార్కిటికాలో 2012లో మొదలైన మన 'భారతి' కేంద్రం దగ్గర శీతాకాలంలో వారాల తరబడి సూర్యుడే కనిపించడు. అన్ని వారాలు ఏ బ్యాటరీ ఆపుతుంది? అక్కడ జనరేటర్లే దిక్కు.

షాపుకెళ్లి 'ఎన్ని వాట్లు?' అని అందరం అడుగుతాం. కొండమీది ఇంటికైతే 'ఎండ లేకుండా ఎన్ని రోజులు నడుస్తుంది?' అని అడగండి.